ఎందుయ్యా కాదు, న్దూయా

మా టీమ్‌లోని ఇటాలియన్ కుర్రాడు క్రిస్మస్‌కి ఇంటికెళ్లి వస్తూ ఎర్రటి ముద్ద ఒకటి తెచ్చాడు. బ్రెడ్డు మీద పూసి ఇచ్చాడు. చూడ్డానికి అచ్చం పండుమిరపకాయ పచ్చడి. నాది నర్సరావుపేట, మనకి కారం చెప్పేవాడెవడు అని చెంచాడు నోట్లో వేసుకున్నాను. కాసేపు ఏమీ లేదు, ఉప్పగా, పొగవాసనతో వెన్నలా కరిగింది. తర్వాత మొదలైంది. చెవుల దాకా పాకింది. పేరేంటని అడిగితే ‘న్దూయా’ అన్నాడు. నాకు ‘ఎందుయ్యా’ అని వినిపించింది. మా ఇంట్లో ఇప్పటికీ దాని పేరు అదే.

అది పచ్చడి కాదు, పంది మాంసపు సాసేజ్. ఎంత కాలం ఆరబెట్టినా గట్టిపడదు. పుట్టినిల్లు దక్షిణ ఇటలీలో, కలాబ్రియా ప్రాంతంలోని స్పిలింగా. సెప్టెంబరు చివర్లో నాలుగు రోజులు సెలవు దొరికితే జర్మనీలో మేముండే స్టుట్‌గార్ట్ నుంచి బయల్దేరాం. మా ఆవిడ కోడి, చేప తింటుంది, పంది ముట్టదు. ‘గుంటూరు వైపు వాడివి, కారం కోసం ఇటలీ దాకానా, ఎందుయ్యా?’ అంటూనే సూట్‌కేసు సర్దింది.

లమేజియా తెర్మే విమానాశ్రయంలో కారు తీసుకున్నాం. అక్కణ్నుంచి తీరంలోని ట్రోపేయా అనే ఊరి దాకా రైలుంది, సముద్రం పక్కనే వెళ్తుంది. కానీ కొండ మీది ఊళ్లకి బస్సుల్ని నమ్ముకుంటే పగలంతా స్టాపులోనే గడిచిపోతుంది. కారు తీసుకునేవాళ్లకి ఒక మాట. డ్రైవరు పేరు మీద క్రెడిట్ కార్డే ఉండాలన్నారు, డెబిట్ కార్డు కుదరదన్నారు. క్రెడిట్ కార్డేమో మా ఆవిడ పేరు మీదుంది. కౌంటర్ దగ్గర ముప్పావు గంట తగలేసి, చివరికి ఆవిడ పేరు మీదే కారు రాయించాం. నాలుగు రోజులూ ఆవిడే తోలింది, నేను మ్యాపు చూశాను. మలుపుల రోడ్డు కాబట్టి అదే మేలైంది.

మొదటి రెండు రాత్రులు ట్రోపేయా పాత ఊళ్లో. ఊరు కొండ అంచున ఉంటుంది, కింద తెల్లటి ఇసుక, ఎదురుగా బండరాయి మీద సాంతా మరియా దెల్ ఇసోలా గుడి. ఆకాశం తేటగా ఉంటే సాయంత్రం సముద్రం మీద స్ట్రాంబోలి అగ్నిపర్వతం కనబడుతుంది. చూడ్డానికి ఎంత చెప్పినా తక్కువే. బస మాత్రం అంతంత మాత్రం. ఫోటోలో కిటికీ నిండా సముద్రం, వచ్చి చూస్తే ఎదురింటి డాబాకీ ట్యాంకుకీ మధ్య నీలం గీత. కారు ఊరి బయటే పెట్టాలి. సూట్‌కేసుతో రాళ్ల వీధుల్లో నడక, ఆపైన మూడంతస్తుల మెట్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు ముందే అడిగి తెలుసుకోండి. గది శుభ్రంగా ఉంది, ఇంటావిడ మంచిది, అది కాదనను.

ఆ రాత్రి సముద్రం కనబడే ఒక హోటల్లో న్దూయా అడిగితే, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి గోలీ ఒకటి పళ్లెం మధ్యలో పెట్టి, చుట్టూ ఆకులు చల్లి తెచ్చారు. చల్లటి న్దూయా పేరుకున్న నెయ్యి లాంటిది. కొవ్వు కరగదు, కొవ్వు కరగనిదే కారమూ రాదు, వాసనా రాదు. బిల్లులో ఆ దృశ్యానికి కూడా కట్టి బయటపడ్డాం.

మూడో రోజు స్పిలింగా వెళ్లాం. ట్రోపేయాకి పైన, మోంటే పోరో పీఠభూమి మీద చిన్న ఊరు. ఆగస్టు 8న న్దూయా సంబరం జరుగుతుందట. మేం వెళ్లేసరికి వీధిలో ఒక కుక్క, ఇద్దరు ముసలాళ్లు. ఊరి బయట పొలంలో ఉన్న బసలో దిగాం. ఆ ఇంటి పెద్దాయన వెనక గది తలుపు తీశాడు. ముందు పొగవాసన వచ్చింది, తర్వాత కళ్లు అలవాటు పడ్డాయి. దూలాల నుంచి దారంతో గడులుగడులుగా బిగించి కట్టిన ముద్దలు వేలాడుతున్నాయి, కొన్ని సొరకాయంత. పైన తెల్లటి బూజు పొర, దాని కింద ఇటుక ఎరుపు.

ఆయన ఇటాలియన్‌లో, నేను ఫోన్‌లో అనువాదంతో మాట్లాడుకున్నాం. పొట్ట భాగం, దవడ కొవ్వు, వీపు మీది కొవ్వు, ఇంకా మిగిలిన ముక్కలు, అన్నీ మెత్తగా రుబ్బుతారు. ఉప్పు, మిరపపొడి కలుపుతారు. మిరప అంటే చిటికెడు కాదు, దోసిళ్లతో. ఆ మిరపే ముద్ద చెడిపోకుండా కాస్తుంది, కొవ్వు కనరు వాసన రానివ్వదు. దాన్ని పంది పేగులో ఒకవైపు మూసుకుపోయి సంచిలా ఉండే భాగంలో కూరుతారు. ఆ సంచి పేరు ఓర్బా, అంటే గుడ్డిది. అటువైపు దారి లేదు కాబట్టి ఆ పేరు. కొన్నాళ్లు సన్నటి పొగ పెట్టి, తర్వాత నెలల తరబడి వేలాడదీస్తారు. పూర్వం చలికాలంలో ఇంట్లో పందిని కోసినప్పుడు మంచి ముక్కలన్నీ అమ్మకానికో దొరల ఇళ్లకో పోతే, పేదవాళ్ల వంతుకి మిగిలినదాంతో చేసుకున్న తిండి ఇది. మిరపకాయ వాళ్లకైనా మనకైనా అమెరికా ఖండాల నుంచి సముద్రం దాటి వచ్చిందే. మనం చింతపండుతో నూరి జాడీలో పెట్టాం, వాళ్లు కొవ్వుతో రుబ్బి పేగులో పెట్టారు.

రాత్రి భోజనానికి చిన్న మట్టి కుంపటి లాంటిది బల్ల మీద పెట్టారు. కింద కొవ్వొత్తి, పైన మట్టి మూకుడు. పెద్దాయన ముద్దకి కత్తితో నిలువుగా గాటు పెట్టి, తోలు మడిచి, రెండు చెంచాలు తోడి అందులో వేశాడు. అయిదు నిమిషాలకి అంచులు చిటచిటలాడాయి. ముద్ద చుట్టూ ఎర్రటి నూనె ఊరింది, ఆవకాయ మీద తేలినట్టే. కాల్చిన బ్రెడ్డు మీద పలచగా పూసి ఇచ్చాడు. నేను ఇంకొంచెం వేయమని చెయ్యి చాపితే తల అడ్డంగా ఊపి ‘పియానో, పియానో’ అన్నాడు. నెమ్మది అని. పెద్దాయన మాటే నిజం. పలచగా పూస్తేనే పొగ, మాంసం, మిరప మూడూ విడివిడిగా తెలుస్తాయి. గట్టిగా పట్టిస్తే కారం ఒక్కటే మిగులుతుంది.

ఆ తర్వాత ఫిలేయా వచ్చింది. సన్నటి పుల్లకి పిండి చుట్టి, దొర్లించి, లాగి తీసే పాస్తా. టమాటా రసంలో చెంచాడు న్దూయా కరిగిస్తే చాలు, పళ్లెమంతా ఎరుపెక్కుతుంది. పంది తిననివాళ్లకి ఇక్కడే ప్రమాదం. కరిగిపోయాక కంటికి కనబడదు. మా ఆవిడ ట్రోపేయాలో చేప వంటకం అడిగినా అందులో ఇది కలిసే వచ్చింది, వాసన పట్టి వెనక్కి పంపింది. ‘సెంజా న్దూయా’ అని ముందే చెప్పండి, అంటే అది వేయకుండా అని. ఆవిడకి మాత్రం ట్రోపేయా ఎర్ర ఉల్లిపాయలు, మోంటే పోరో గొర్రెపాల చీజ్ దొరికాయి. ఆ ఉల్లిపాయ పచ్చిగా కొరికినా కళ్లలో నీళ్లు రావు. జడల్లా అల్లిన ఉల్లికట్టలు రెండు కొనిపించింది.

రెండు బసల్లో ఏది అంటే పొలమే. ఫోన్ సిగ్నల్ సరిగా లేదు, దుప్పటి పలచన, తెల్లవారకముందే కోడి కూసింది. అయినా పొలమే.

తిరుగు ప్రయాణంలో పీజో అనే ఊళ్లో ఆగాం. న్దూయా అనే పేరు ఫ్రెంచి సాసేజ్ ‘ఆండూయ్’ నుంచి వచ్చిందంటారు. నెపోలియన్ చెల్లెలి భర్త మురా నేపుల్స్ రాజుగా ఉన్నప్పుడు దాన్ని తెచ్చాడని అక్కడివాళ్ల కథ. కథ సంగతేమో గానీ, 1815 అక్టోబరు 13న ఆ మురాని కాల్చి చంపింది ఈ పీజో కోటలోనే. కోట చూసి, ఆ ఊరి ప్రసిద్ధ ఐస్‌క్రీమ్ తార్తూఫో తిన్నాం. గడ్డకట్టిన బంతి, కోస్తే మధ్యలోంచి చాక్లెట్ కారుతుంది. దానికి ఒక పూట కేటాయించొచ్చు.

ఇక నా తెలివితక్కువ పని. కొన్నవాటిలో సీసా చేతిసంచిలో పెట్టాను. స్కానర్ దగ్గర అమ్మాయి అది పూసుకునే పదార్థం కాబట్టి ద్రవం లెక్క అంది, సీసా తీసి పక్కన పెట్టేసింది. పేగులోది, గాలి తీసి ప్యాక్ చేసినది, పెద్ద సూట్‌కేసులో ఉండబట్టి బతికింది. ఐరోపా యూనియన్ లోపలి ప్రయాణం కాబట్టి మాంసం గొడవ రాలేదు. బయటికి తీసుకెళ్లేవాళ్లు ఆ దేశపు నియమాలు చూసుకోండి.

ఇంటికొచ్చిన రాత్రి వేడివేడి అన్నం పెట్టుకుని, మధ్యలో గుంట చేసి, చిన్న చెంచాడు న్దూయా వేశాను. అన్నం వేడికి కరిగి కిందికి దిగింది. కలిపి ముద్ద చేస్తుంటే ఎదురుగా కూర్చున్న మా ఆవిడ ఎర్ర ఉల్లిపాయ కోసి నా పళ్లెంలో నాలుగు ముక్కలు వేసి, తన పెరుగన్నంలోకి మిగతాది నంజుకుంది.