మార్కర్ సాఫ్ట్‌వేర్: గ్రేడింగ్‌కి పూర్తి మార్కులు, గళ్ల గుడ్డకి సున్నా

మాది మండపేట దగ్గర స్కూల్ యూనిఫాంలు, నైటీలు కుట్టే యూనిట్. పాటర్న్ (ముక్కల నమూనా), గ్రేడింగ్ (ఆ నమూనాని అన్ని సైజులకీ పెంచడం, తగ్గించడం), మార్కర్ (గుడ్డ మీద ముక్కలు ఎలా సర్దాలో చూపే కోత పటం) మూడూ చేసే సాఫ్ట్‌వేర్‌ని కొన్నేళ్లుగా రోజూ వాడుతున్నాం. గెర్బర్, లెక్ట్రా లాంటి పెద్ద కంపెనీలది కాదు, మనబోటి వాళ్లు కొనగలిగేదే.

డెమోలో ముందు ఆటో నెస్టింగ్ చూపిస్తారు. ముక్కలు వాటంతటవే సర్దుకుని పైన గుడ్డ వాడకం 86 శాతం అని పడగానే సగం బేరం అయిపోయినట్టే. ఆ శాతం మనం టైపు చేసిన పన్నాకి (గుడ్డ వెడల్పుకి) మాత్రమే నిజం. బిల్లులో 58 అంగుళాలు అని ఉంటుంది. అంచులు పోను 57 వస్తే సంతోషం, అదే లాటులో 56 తాను కూడా తగులుతుంది. అందుకని తానులన్నీ టేపుతో కొలిచి, పన్నా వారీగా విడదీసి, ఒక్కో గుట్టకి ఒక్కో మార్కర్ వేస్తాం. సుద్దతో గీసే రోజుల్లో రెండో మార్కర్ అంటే ఇంకో పూట పోయినట్టే, ఇప్పుడు టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది. మార్కర్ 10 సెంటీమీటర్లు తగ్గితే 100 ప్లైల లేలో (ఒకదాని మీద ఒకటి పరిచిన 100 పొరల గుడ్డలో) 10 మీటర్లు మిగిలినట్టు. ఖర్చు తిరిగొచ్చేది ఇక్కడే.

గ్రేడింగ్‌కి వంక పెట్టలేను. 22 నుంచి 40 దాకా సైజులు ఒక్కసారి సరిచేసుకుంటే, ఏటా ఏప్రిల్‌లో అట్టముక్కలు వెతుక్కునే పని లేదు. పొడవు పెంచకుండా ఛాతీ ఒక్కటే పెంచి, బొద్దు పిల్లలకి వేరే వరస పెట్టుకున్నాం.

"గుడ్డ ఉతికితే పొట్టిదవుద్దని దీనికి తెల్సాండీ?" అని మా కటింగ్ మాస్టారు వెటకారం. చెబితే తెలుస్తుంది. 50 సెంటీమీటర్ల ముక్క ఉతికి ఆరేసి కొలుస్తాం. 48.5 వస్తే 3 శాతం కుదింపు. నిలువుకి వేరే, అడ్డానికి వేరే ఇస్తే పాటర్న్ ఆ మేరకు పెరుగుతుంది.

గళ్ల గుడ్డ దగ్గర మాత్రం మాస్టారిదే పైచేయి. గడి కొలత ఇస్తే స్క్రీన్ మీద పక్క కుట్లు చక్కగా కలుస్తాయి. తానులో గడి అంత నిక్కచ్చిగా ఉండదుగా! నాలుగు మీటర్లు పోయేసరికి గడి చోటు తప్పుతుంది. అందుకే చుట్టూ అంగుళం వదిలి మోటుగా కోసి, గళ్లు కలిపి, మళ్లీ చేత్తో కోస్తాం. ఆదా అయినదంతా ఆ అంగుళంలోనే పోతుంది.

వానాకాలం ప్లాటర్ (మార్కర్‌ని గీసే యంత్రం) కాగితం చెమ్మ పీల్చి సాగుతుంది. రోల్‌ని కవర్లో కట్టి ఉంచండి, గీసిన మార్కర్ ఆ పూటే వాడేయండి.

నెలకి నాలుగు డిజైన్ల నైటీలే కుట్టేవాళ్లకి ఇది దండగ, బయట ప్లాట్ తీయించుకుంటే సరిపోతుంది. కొనేవాళ్లు మాత్రం డబ్బు కట్టకముందే ఒక పాటర్న్‌ని డీఎక్స్ఎఫ్-ఆమాలో (వేరే సాఫ్ట్‌వేర్లూ తెరవగలిగే ఫైలు రకంలో) బయటికి తీయించి, వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, నాచ్‌లూ (కుట్టేటప్పుడు ముక్కలు కలిపే గుర్తులు) గ్రెయిన్ లైనూ (పోగు దిశ చూపే గీత) ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే రేపు కంపెనీ మారాలన్నప్పుడు అన్ని సైజులూ మళ్లీ డిజిటైజర్ (అట్టముక్కల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే బల్ల) మీద పరుచుకోవాలి.