మోయెస్, సోల్‌షార్: మళ్లీ పెద్ద క్లబ్ ఎవరికి ఇవ్వొచ్చు?

ఇద్దరూ ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ మాజీ మేనేజర్లే. ఆ క్లబ్ అభిమానులు ఇద్దరు కలిస్తే ఈ మాట రాక మానదు. నా ఓటు మోయెస్‌కే.

నిజమే, ఎన్నో ఏళ్లు మేనేజర్‌గా ఉన్న ఫెర్గూసన్ తర్వాత 2013లో యునైటెడ్‌కు వచ్చి పది నెలలు కూడా నిలబడలేదు. 2014 ఫిబ్రవరిలో, పట్టికలో అట్టడుగున ఉన్న ఫుల్‌హామ్ మీద 81 క్రాస్‌లు (పక్క నుంచి గోల్ ముందుకు కొట్టే బంతులు) వేయించి 2-2తో సరిపెట్టుకున్న మ్యాచ్ ఇప్పటికీ కళ్లముందే ఉంది. బంతి గాల్లోకి లేవడం, డిఫెండర్ తలతో కొట్టేయడం, మళ్లీ అదే. రెండో ఆలోచనే కనిపించలేదు. కానీ ఆ దెబ్బ నుంచి లేచాడు. 2023లో ప్రాగ్‌లో బోవెన్ 90వ నిమిషం గోల్‌తో వెస్ట్ హామ్‌కు యూరప్ క్లబ్ టోర్నీ కాన్ఫరెన్స్ లీగ్ గెలిపించి, ఆ పతకాన్ని తండ్రి మెడలో వేశాడు. ఆ దృశ్యం చూసి నాకు కళ్లు చెమర్చాయి. 2025 జనవరిలో పాత క్లబ్ ఎవర్టన్ మళ్లీ పిలిచింది.

సోల్‌షార్ బలం వేరు. డ్రెస్సింగ్ రూమ్‌లో టెన్షన్ తగ్గించి, కుర్రాళ్లను నమ్మి, కౌంటర్ ఎటాక్‌తో (బంతి దక్కగానే వేగంగా ఎదురుదాడి) యునైటెడ్‌ను పెద్ద జట్ల మీద గెలిపించాడు. పారిస్‌లో పీఎస్‌జీ క్లబ్ మీద 3-1 గెలుపు అలాంటిదే. 2020-21లో ప్రీమియర్ లీగ్‌లో రెండో స్థానం కూడా తెచ్చాడు. అదే సీజన్ యూరోపా లీగ్ ఫైనల్‌లో స్పెయిన్ క్లబ్ విల్లారియల్ చేతిలో పెనాల్టీల్లో ఓడాడు. వెనక్కి తగ్గి ఆడే జట్లను ఛేదించే పథకం మాత్రం అతని దగ్గర చాలాసార్లు కనిపించలేదు. తర్వాత టర్కీ క్లబ్ బెషిక్తాష్‌లోనూ ఎక్కువ కాలం నిలవలేదు.