హైస్కూల్లో ఫ్రెంచా, జర్మనా, స్పానిషా, జపనీసా: ఏది మేలు?

హైస్కూల్లో సబ్జెక్టులు ఎంచుకునే రోజులు వచ్చాయంటే చాలు, తెలిసినవాళ్లూ, వాళ్లకు తెలిసినవాళ్లూ అడిగేది ఒకటే: పిల్లలకి ఫ్రెంచ్ ఇప్పించాలా, జర్మన్ ఇప్పించాలా? ఈమధ్య స్పానిష్, జపనీస్ కూడా ఆ వరసలో చేరాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక తగ్గిపోయింది, పైగా మా అక్క కూతురికి ఈ మధ్యే ఇదే నిర్ణయం చేశాం కాబట్టి, అంతా ఒకచోట రాసేస్తున్నాను. కొత్త భాష నేర్చుకుంటే ఏం లాభం, మెదడుకు ఎంత మంచిది లాంటివి ఇక్కడ ఉండవు. అవి మీకు తెలిసినవే.

ఏ భాషకు స్కోప్ ఎక్కువ అని అందరూ మొదట అడుగుతారు. నన్నడిగితే అది తర్వాత చూసుకోవాల్సింది. స్కూలు అయిపోయేనాటికి ఆ భాషలో పిల్లలు ఎక్కడిదాకా వెళ్లగలరు అన్నది ముందు తేల్చుకోవాలి. సగంలో వదిలేసిన భాష కాలేజీలో చేరిన ఏడాది రెండేళ్లకే పోతుంది, పలకరింపులూ అంకెలూ తప్ప ఏమీ మిగలవు. యూరప్ వాళ్లు భాషకి పెట్టిన మెట్లు ఏ1 నుంచి సి2 దాకా ఆరు ఉన్నాయి కదా, అందులో బి1 కొంచెం నిలబడే మెట్టు. అక్కడికి చేరినవాళ్లకి తేలికపాటి పుస్తకం చేతికొస్తుంది, సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే సీరియల్ నడుస్తుంది, ఎవరూ చెప్పకుండానే వాళ్లంతట వాళ్లు వాడుతూ ఉంటారు. ఏ2 దగ్గరే ఆగిపోతే పాఠ్యపుస్తకం దాటి బయట చదవడానికీ వినడానికీ పెద్దగా ఏమీ దొరకదు.

ఇప్పుడు లెక్క చూడండి. వారానికి మూడు పీరియడ్లు, పీరియడ్ 40 నిమిషాలు అనుకుందాం. ఏడాదిలో 35 వారాలు క్లాసులు జరిగితే 70 గంటలు, నాలుగేళ్లకి 280. ఫ్రెంచ్, స్పానిష్ లాంటి భాషల్లో బి1కి 350 నుంచి 400 గంటల బోధన కావాలని మామూలుగా వేసే అంచనా. అంటే స్కూల్ క్లాసు ఒక్కటే నమ్ముకుంటే దగ్గరిదాకా వచ్చి ఆగిపోతాం, ఇంట్లో రోజూ కాసేపు వినడం, చదవడం ఉంటే అందుతుంది. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకి భాషలు నేర్పడానికి పట్టే కాలాన్ని బట్టి ఒక పట్టిక పెట్టుకుంది: ఫ్రెంచ్, స్పానిష్ 30 వారాలు, జర్మన్ 36, జపనీస్, చైనీస్, కొరియన్, అరబిక్ 88. అది ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న పెద్దవాళ్లకి, అదే పనిగా కూర్చుని నేర్చుకునేవాళ్లకి వేసిన లెక్క, మన పిల్లలకి యథాతథంగా సరిపోదు. అయినా 30కీ 88కీ మధ్య ఉన్న తేడా చిన్నది కాదు.

అందుకే నాకు అసలు పోటీ స్పానిష్‌కీ ఫ్రెంచ్‌కీ మధ్యే కనిపిస్తుంది. రెండూ లాటిన్ నుంచి పుట్టినవే, రెండింటికీ రెండే లింగాలు, రెండూ ఐక్యరాజ్యసమితి అధికార భాషలే. తేడా ఎక్కడంటే, చెవికీ కంటికీ మధ్య. మా అక్క కూతురు రెండు భాషల ట్రయల్ క్లాసులకీ వెళ్లింది. ఫ్రెంచ్ టీచరు 'అతను మాట్లాడతాడు', 'వాళ్లు మాట్లాడతారు' అని రెండు చిన్న వాక్యాలు ఫ్రెంచ్‌లో పలికారు. వినడానికి రెండూ ఒకటే, 'ఇల్ పార్ల్'. రాతలో మాత్రం రెండోదానికి పలకని అక్షరాలు మూడు ఎక్కువ. 'నువ్వు మాట్లాడతావు' అన్నా క్రియ మళ్లీ 'పార్ల్' అనే వినిపిస్తుంది. స్పానిష్ క్లాసులో అదే క్రియ 'ఆబ్లో, ఆబ్లాస్, ఆబ్లా, ఆబ్లాన్' అని ఎవరు మాట్లాడుతున్నారో చెవికే చెప్పేస్తోంది. ముందు రాసే ఒక హెచ్ తప్ప మిగతాదంతా విన్నట్టే రాసుకోవచ్చు. అచ్చులు అయిదే. త, ద మనం పలికేవాటికి దగ్గరగా ఉంటాయి.

ఇది చిన్న సౌకర్యంలా కనిపిస్తుంది గానీ నా మట్టుకు అంతా దీనిమీదే తేలుతుంది. క్లాసులో 30 మంది ఉంటే, టీచరు నోరే తెరవకుండా 40 నిమిషాలూ పిల్లలకే ఇచ్చినా ఒక్కొక్కరికి వచ్చేది నిమిషం పైచిలుకు. కాబట్టి ఏ భాషైనా ఎక్కువ భాగం ఇంట్లోనే, ఒంటరిగానే వస్తుంది. చదివింది సరిగ్గా పలికానో లేదో అన్న టెన్షన్ లేకుండా పిల్లలు సొంతంగా ముందుకు పోగలిగేది స్పానిష్‌లో. పుస్తకంలో కొత్త మాట కనిపిస్తే పలకగలరు, పాటలో కొత్త మాట వినిపిస్తే డిక్షనరీలో వెతకగలరు. ఫ్రెంచ్‌లో ఈ రెండో పని మొదటి ఏడాది పిల్లలకి నరకం.

అలాగని ఫ్రెంచ్‌ని తీసిపారేయడానికి లేదు. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక ఇంగ్లీషులోకి ఫ్రెంచ్ మాటలు వరదలా వచ్చాయి, అందుకని ఇంగ్లీషు బాగా చదివే పిల్లలకి ఫ్రెంచ్ పేజీ చూడగానే చాలా మాటలు తెలిసినట్టే ఉంటాయి. చదవడం తొందరగా వస్తుంది, వినడం వెనకబడుతుంది. కెనడా మీదో, ఆఫ్రికాలో పనుల మీదో దృష్టి ఉంటే ఫ్రెంచే. స్కూలు పిల్లల వయసుకి తగ్గ అంశాలతో ఫ్రెంచ్‌కి సర్టిఫికెట్ ఇచ్చే డెల్ఫ్ పరీక్ష విడిగా ఉంది, ఆ సర్టిఫికెట్‌కి గడువు తీరడం అంటూ లేదు. స్పానిష్‌కీ డెలె పరీక్షలో స్కూలు పిల్లల రకం ఉంది లెండి. స్పానిష్‌తో వచ్చే చిక్కు వేరే: మొదటి రెండేళ్లు హాయిగా సాగేసరికి పిల్లలు తేలిగ్గా తీసుకుంటారు, తర్వాత భూతకాలాలు రెండూ, కోరికలూ అనుమానాలూ చెప్పడానికి వాడే సబ్‌జంక్టివ్ అనే క్రియారూపమూ కలిసి మీద పడ్డప్పుడు మార్కులు ఢమాల్‌మంటాయి. ఆ ఏడాది కాస్త వెన్నంటి ఉండాలి.

జర్మన్ గురించి జనం భయపడేదాంట్లో సగం అనవసరం. నాలుగు విభక్తులంటే తెలుగువాళ్లకి లెక్కే కాదు. 'కుక్కని మనిషి కరిచాడు' అన్నా 'మనిషి కుక్కని కరిచాడు' అన్నా మనకి ఒకటే కదా, జర్మన్‌లోనూ అంతే, కాకపోతే మనం మాట చివర పెట్టే గుర్తు వాళ్లు ముందు 'డెర్, డెన్, డెమ్' అని పెడతారు. అమ్మాయికి నపుంసకలింగమేమిటని నవ్వుతారు గానీ, 'అమ్మాయి వచ్చింది', 'బండి వచ్చింది' అనే మనం నవ్వకూడదు. అసలు కష్టం ప్రతి నామవాచకానికీ మూడింట్లో ఏ లింగమో విడిగా బట్టీ పట్టడం, అది ఎన్నేళ్లయినా వదలదు. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదన్నది నిజమే, కానీ డిగ్రీ కోర్సులు ఎక్కువగా జర్మన్‌లోనే ఉంటాయి, వాటికి టెస్ట్‌డాఫ్ లాంటి జర్మన్ భాషా పరీక్ష కావాలి, అంటే బి1 చాలదు, ఇంకా రెండు మెట్లు ఎక్కాలి. అక్కడే చదవాలని ఇంట్లో గట్టిగా అనుకుంటే జర్మన్ ఇప్పించండి, మరో ఆలోచన వద్దు. 'ఏమో, పనికొస్తుందేమో' అన్న స్థాయిలో ఉంటే మాత్రం నేను పట్టుబట్టను.

జపనీస్ తెలుగు పిల్లల్ని బాగా ఊరిస్తుంది. వాక్యం అచ్చం మనలాగే నడుస్తుంది, 'వాతాషి వా హోన్ ఓ యోమిమాసు' అంటే నేను పుస్తకాన్ని చదువుతాను, క్రియ చివరే, 'ని' బదులు 'ఓ'. మాట్లాడటం అందుకే చకచకా మొదలవుతుంది. తర్వాత లిపి అడ్డం పడుతుంది. పలికినట్టే రాసే హిరగానా అక్షరాలు 46, కటకానా 46 సరే, నెలలో వచ్చేస్తాయి, చైనీస్ లిపి నుంచి తెచ్చుకున్న కంజీలు మాత్రం రోజువారీ వాడకానికి అక్కడి ప్రభుత్వం ఖరారు చేసినవే 2136. 280 గంటల్లో అందులో కొసరే వస్తుంది. జపనీస్‌కి ఉన్న సర్టిఫికెట్ పరీక్ష జేఎల్‌పీటీలో మాట్లాడే పరీక్షే లేదు కాబట్టి మనకి తేలికైన భాగానికి మార్కులూ రావు. అనిమే పిచ్చితో రాత్రిపూట తనంతట తానే కంజీ రాసుకునే పిల్లయితే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి అదే తీసుకోనివ్వండి. చైనీస్ లిపికీ ఇదే మాట, గొంతు ఎత్తుపల్లాలతో అర్థం మారిపోయే స్వరాలు అదనం. కొరియన్ లిపి సులువు, మిగతాది కాదు. ఇటాలియన్ మీ స్కూల్లో ఉంటే స్పానిష్ కిందే లెక్క.

వయసు దాటిపోయిందన్న బెంగ పెట్టుకోకండి. దాదాపు 6.7 లక్షల మంది ఇంగ్లీషు వ్యాకరణ పరీక్షని పరిశీలించి 2018లో వచ్చిన అధ్యయనం, వ్యాకరణం పట్టే శక్తి 17 ఏళ్ల దాకా పెద్దగా తగ్గదని తేల్చింది.

స్కూల్లో ఫ్రెంచ్, జర్మన్ తప్ప మరేవీ లేకపోతే టీచర్ని బట్టి పొండి. రెండో ఏడాది చదివే పిల్లల్ని ఇద్దరు ముగ్గుర్ని పట్టుకుని, నిన్న ఏం చేశారో ఆ భాషలో చెప్పమనండి. తప్పులతోనైనా నాలుగు వాక్యాలు చెప్పేస్తే ఆ క్లాసులో చేర్చండి. "మాకు మాట్లాడటం సిలబస్‌లో లేదు ఆంటీ" అన్నారంటే ఆ రెండింట్లో మిగిలిన భాష క్లాసు చూడండి.