ఎగ్జాస్ట్ ఫ్యాన్, గీజర్ మార్చి ఆరు నెలలైంది

మా బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ పాడైందని ఇంట్లో ఎవరికీ తట్టలేదు. స్విచ్ వేస్తే గర్రుమంటూ తిరిగేది మరి! కానీ స్నానం చేసిన అరగంటకి కూడా అద్దం మీద ఆవిరి పోయేది కాదు. సీలింగ్ మూల నల్లగా బూజు పట్టింది. రెండుసార్లు తుడిచాను, రెండుసార్లూ తిరిగొచ్చింది. ఒకరోజు ఫ్యాన్ ఆన్ చేసి, జాలీకి టిష్యూ కాగితం ఆనించి చూశాను. గాలి లాగితే అది అంటుకుని ఉండాలి. జారి నేల మీద పడింది.

విప్పితే రెక్కల మీద జిడ్డుతో ముద్దకట్టిన దుమ్ము, ఇరుసును పట్టి ఉంచే బుష్ అరిగి అటూ ఇటూ ఊగుతున్న షాఫ్ట్ (ఆ ఇరుసే). మార్చేద్దామనుకున్నాం. మా బాత్రూమ్ పొడవు 8 అడుగులు, వెడల్పు 5, ఎత్తు 8. అంటే సుమారు 9 ఘనపు మీటర్ల గాలి. గంటకి 8 సార్లు గాలి మారాలన్న లెక్కన గంటకి 72 ఘనపు మీటర్లు లాగితే చాలు. మేం తెచ్చిన 6 అంగుళాల ఫ్యాన్ డబ్బా మీద గంటకి 250 అని ఉంది. బాల్ బేరింగ్ మోటారు, ఆపగానే వాటంతటవే మూసుకునే రేకులు వెనక.

బిగించిన మొదటి రోజు అద్దం మళ్ళీ మసకబారింది. ఎంత నిరాశపడ్డానో! తలుపు రెండు వేళ్ళంత తీశానో లేదో, టిష్యూ చటుక్కున జాలీకి అతుక్కుపోయింది. తలుపు కింద రబ్బరు పట్టీ వేయించుకున్నాం కదా, లోపలికి గాలే రావట్లేదు. లోపలికి రానిది ఫ్యాన్ బయటికేం పంపుతుంది? పట్టీ పీకేసి, తలుపు అడుగున అర అంగుళం చిత్రిక పట్టించాం. ఇంకో పొరపాటు, ఫ్యాన్ పక్కనే ఉన్న కిటికీ తెరిచి ఉంచడం. ఆ కిటికీ గాలినే ఫ్యాన్ లాగి బయట పడేసేది, ఆవిరి మాత్రం గదిలోనే. ఇప్పుడు కిటికీ మూసి, స్నానమయ్యాక ఇంకో పావుగంట ఫ్యాన్ వదిలేస్తాను. పది నిమిషాల్లో అద్దంలో మొహం కనిపిస్తోంది. మూలకి రంగు వేయించి నాలుగు నెలలైంది, తెల్లగానే ఉంది. లోటు ఒక్కటే, ఈదురుగాలికి వెనక రేకులు టపటపలాడతాయి. రాత్రిపూట నిద్ర చెడుతుంది.

గీజర్ మార్చింది ట్యాంకు కారుతోందని. అందులోని మెగ్నీషియం కడ్డీ మధ్యలో తీగ మాత్రమే మిగిలేలా అరిగిపోయి ఉంది. తుప్పు ట్యాంకుకి పట్టకుండా తాను అరిగిపోయే కడ్డీ అది, అరిగాక మార్చాలని మాకు తెలియలేదు. కొత్తది 15 లీటర్లు, 2000 వాట్లు, నీళ్ళు బాగా కాగడానికి ఇరవై నిమిషాలు. బాగుంది. నన్ను భయపెట్టింది సాకెట్టే. ఒక రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి మాడి ఉంది.

"అమ్మా, ఇది 6 ఆంపియర్ల సాకెట్టు. గీజర్ తొమ్మిది దాకా లాగుతుంది," అన్నాడు ఎలక్ట్రీషియన్. 16 ఆంపియర్లది పెట్టించి, ఎర్తింగ్ చూపించి, కరెంటు లీకైతే షాక్ ప్రాణం మీదికి రాకముందే ఆపే 30 మిల్లీ ఆంపియర్ల బ్రేకర్ కూడా వేయించాను. మీ సాకెట్టు ఒకసారి చూసుకోండి, దయచేసి.

నీళ్ళు కాగేటప్పుడు సేఫ్టీ వాల్వ్ నుంచి ఒకటి రెండు చుక్కలు పడుతుంటాయి. వేడికి నీళ్ళు ఉబ్బుతాయి కాబట్టి అది మామూలే. మా ఆయన లీకనుకుని దానికి బిరడా కొట్టబోతుంటే పరుగున వెళ్ళి ఆపాను.