జాగ్రత్త: ప్రాసెసర్ పేరు చివరి అక్షరం దాకా చదవనిదే డబ్బు కట్టకండి

వీడియో ఎడిటింగ్ కోసం విడిభాగాలు కొని, ఇంట్లోనే మొదటి కంప్యూటర్ కట్టుకోవాలనుకుంటున్నవారు, ముఖ్యంగా పెళ్లి వీడియోల పని చేసేవారు, కొనుగోలుకు వెళ్లే ముందు ఇది చదవవలసిందిగా మనవి. నేను తెచ్చుకున్న భాగాలన్నీ ఒకదానిలో ఒకటి చక్కగానే అమరాయి. మొదటిసారి మీట నొక్కగానే యంత్రం ఆన్ అయింది, విండోస్ ఎక్కింది, ఏ లోపమూ కనిపించలేదు. అయితే ఏ పని కోసం అంత డబ్బు పోశానో ఆ పనికి మాత్రం అది పనికిరాలేదు.

నేను ఖమ్మంలో ఉంటూ ఐదారు ఫోటో స్టూడియోలకు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి ఇస్తుంటాను. నెల రోజులు అడిగీ చదివీ ఒక జాబితా తయారుచేసుకున్నాను: ఇన్‌టెల్ ఐ5-13500 ప్రాసెసర్, నాలుగు ర్యామ్ స్లాట్లున్న బీ760 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్‌లు రెండు, ఫైళ్లు దాచుకోవడానికి 1 టీబీ జెన్4 ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, అన్నిటికీ కరెంటు అందించే 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్. సికింద్రాబాద్ పార్క్‌లేన్ ప్రాంతంలోని ఒక దుకాణం వాట్సాప్‌లో సరిగ్గా ఈ జాబితాకే కొటేషన్ పంపింది. పది వేలు అడ్వాన్సు పంపి, వారు చెప్పిన రోజున ఉదయం రైలుకు వెళ్లాను. కౌంటర్ దగ్గర నిలబడ్డాక గానీ అసలు మాట బయటికి రాలేదు. 13500 స్టాకు అయిపోయిందట, మళ్లీ వారానికి గానీ రాదట. బదులుగా ఐ5-13400ఎఫ్ పెట్టె ముందు పెట్టి, ‘‘ఎఫ్ ఉన్నా లేకున్నా ఒకటే సార్, మీరు ఎలాగూ గ్రాఫిక్స్ కార్డు పెట్టుకుంటున్నారు కదా, పైగా మీకు డబ్బు మిగులుతుంది’’ అన్నారు. సాయంత్రం రైలుకు తిరిగి రావాలి, అడ్వాన్సు వారి దగ్గరే ఉంది, పైగా చెప్పింది వింటే సబబుగానే తోచింది. సరేనన్నాను.

ఆ మాటలో సగం నిజం ఉంది కాబట్టే అది ప్రమాదకరం. ఇన్‌టెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే అందులో అంతర్గత గ్రాఫిక్స్, అంటే ప్రాసెసర్‌లోనే ఇమిడి ఉండే గ్రాఫిక్స్ భాగం, ఉండదని అర్థం. ఆటలు ఆడుకునేవారికి దానితో నష్టమేమీ లేదు, వారి పనంతా విడి కార్డే చూసుకుంటుంది. కానీ వీడియో ఫైళ్లను వేగంగా విప్పి చూపించే క్విక్ సింక్ అనే విభాగం ఉండేది ఆ అంతర్గత గ్రాఫిక్స్‌లోనే. ఎఫ్ రకం కొన్నవారికి క్విక్ సింక్ కూడా ఉండదు. 13500లోని యూహెచ్‌డీ 770 గ్రాఫిక్స్‌ను నేను ఏరికోరి జాబితాలో పెట్టుకున్నది తెర మీద బొమ్మ కనిపించడానికి కాదు, దీని కోసమే.

మా స్టూడియోలవారు సోనీ కెమెరాలతో ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్‌లో, అంటే హెచ్.265 అనే వీడియో కుదింపు రకంలో, రంగును 10 బిట్ 4:2:2 పద్ధతిలో నమోదు చేస్తూ తీస్తారు. 4:2:0లో నాలుగు పిక్సెళ్లకు ఒకసారి నమోదయ్యే రంగు సమాచారం 4:2:2లో రెండు పిక్సెళ్లకు ఒకసారి నమోదవుతుంది. పసుపు బట్టలు, ఎర్ర దీపాల వెలుగు కలిసిన మండపంలో కలర్ గ్రేడింగ్ చేసేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది. అయితే ఈ రకం హెచ్.265 ఫైళ్లను విప్పి చూపించే హార్డ్‌వేర్ ఆర్‌టీఎక్స్ 30, 40 శ్రేణుల కార్డుల్లో లేదు. ఎన్‌విడియా ఆ లోటును 2025లో వచ్చిన 50 శ్రేణిలో తీర్చింది. ఇన్‌టెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలోనైతే 11వ తరం నుంచే ఆ సదుపాయం క్విక్ సింక్‌లో ఉంది. అంటే నేను మొదట రాసుకున్న జాబితాలో 4060 కార్డు చేయలేని పనిని ప్రాసెసర్ చేసి పెట్టేది. కౌంటర్ దగ్గర మారిన ఒక్క పెట్టెతో ఆ పని చేసేవారే లేకుండా పోయారు.

ఇంటికి వచ్చి అన్నీ బిగించి, ఒక పెళ్లి ఫుటేజీని ప్రీమియర్ ప్రోలో తెరిచాను. జీలకర్ర బెల్లం పెట్టే ఘట్టం వచ్చేసరికి గట్టిమేళం నిరాటంకంగా మోగుతూనే ఉంది, తెర మీద మాత్రం పెళ్లికొడుకు చేయి గాల్లోనే ఆగిపోయింది. రెండు సెకన్ల తరువాత కదిలి మళ్లీ ఆగింది. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసర్ నూటికి నూరు శాతం మీద ఉంది, కార్డుకు సంబంధించిన వీడియో డీకోడ్ గీత అడుగున సున్నా మీద పడుకుని ఉంది. జీపీయూల వరుసలో ఇన్‌టెల్ పేరు లేదు, ఎన్‌విడియా ఒక్కటే ఉంది. అప్పుడు గానీ ఎఫ్ అంటే ఏమిటో నాకు పూర్తిగా అర్థం కాలేదు. ఆ సీజన్‌లో ప్రతి పెళ్లికీ రాత్రంతా ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్‌కు తేలికగా ఉండే తక్కువ నాణ్యత నకళ్లు, తయారుచేసి, తెల్లవారాక ఎడిటింగ్ మొదలుపెట్టాను.

మార్చింది ప్రాసెసర్ ఒక్కటే కాదని కూడా ఇంటికి వచ్చాకే తెలిసింది. బోర్డు పెట్టె మీద బీ760 లేదు, హెచ్610 ఉంది. దానికి ర్యామ్ స్లాట్లు రెండే కాబట్టి 64 జీబీకి పెంచుకోవాలంటే ఇప్పుడున్న రెండు ర్యామ్‌లనూ తీసి పక్కన పెట్టాల్సిందే. ఎస్‌ఎస్‌డీ దిగే ఎమ్.2 స్లాటు ఒక్కటే ఉంది, అది కూడా జెన్4 కాదు, అంతకుముందు తరం జెన్3. సెకనుకు 7,000 ఎంబీ చదివే ఎస్‌ఎస్‌డీకి డబ్బు కట్టి, అందులో సగం వేగంతో సరిపెట్టుకుంటున్నాను. ర్యామ్ విషయంలో నా జాగ్రత్త వల్ల కాదు, అదృష్టం వల్ల బయటపడ్డాను. ఈ ప్రాసెసర్లు కూర్చునే ఎల్‌జీఏ1700 సాకెట్ బోర్డుల్లో డీడీఆర్4 ర్యామ్ పట్టేవీ ఉన్నాయి, డీడీఆర్5 ర్యామ్ పట్టేవీ ఉన్నాయి, కొన్ని కంపెనీలు ఆ తేడాను బోర్డు పేరు చివర డీ4 అని రాసి ఊరుకుంటాయి. రెండింటికీ గాడి ఉండే చోటు వేరు, ఒకదానిలో మరొకటి దిగదు. ఎస్‌ఎంపీఎస్ మాత్రం చెప్పినదే ఇచ్చారు.

వెనక్కి తీసుకోమని ఫోన్ చేస్తే, సీలు తీసిన సరుకు తీసుకోబోమన్నారు. కొటేషన్ చూపిస్తే, బిల్లు చూడమన్నారు. బిల్లులో ఉన్నది ఇది: ‘ఇన్‌టెల్ ఐ5 13వ తరం ప్రాసెసర్ - 1, మదర్‌బోర్డు - 1’. పూర్తి మోడల్ పేరు లేదు, సీరియల్ నంబరు లేదు. దయచేసి ఇలాంటి బిల్లు తీసుకోకండి. ప్రతి భాగానికీ పెట్టె మీదున్న పేరును చివరి అక్షరం వరకు, సీరియల్ నంబరుతో సహా రాయించుకోండి. రేపు వారంటీకి వెళ్లినా అడిగేది వాటినే. ప్రాసెసర్‌ను పెట్టె లేకుండా ఇస్తే అది ట్రే సరుకని గుర్తించండి. దానికి ఇన్‌టెల్ నేరుగా వారంటీ ఇవ్వదు, అమ్మినవాడే దిక్కు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసి, వాట్సాప్ కొటేషన్‌ను జతపరిచాను. వ్యాపారానికి కొన్నవాడు వినియోగదారుడు కాడని దుకాణదారు వాదించారు. కానీ స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్నవారిని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. కొన్న ఊరికి తిరగనక్కరలేదు, మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము కూడా ఉండదు. ఈ సంగతులు రాసి పంపాక ప్రాసెసర్ మార్చి ఇవ్వడానికి ఒప్పుకున్నారు, ధరలో తేడా మాత్రం నా దగ్గరే తీసుకున్నారు. బోర్డు మార్చబోమన్నారు.

ఇలాంటి జాబితాతోనే వెళ్లేవారికి రెండు మాటలు. సోనీలో ఎక్స్‌ఏవీసీ ఎస్‌తో తీసే 4:2:2 ఫైళ్లు హెచ్.264 రకానివి, వాటికి 13వ తరం క్విక్ సింక్ కూడా ఉపయోగపడదు. అందుకని కొనడానికి ముందే మీకు వచ్చే ఫుటేజీ ఏ రకానిదో స్టూడియోవారిని అడగండి. రెండోది, విడి కార్డు పెట్టగానే చాలా బోర్డులు అంతర్గత గ్రాఫిక్స్‌ను ఆపేస్తాయి, బోర్డు సెట్టింగులుండే బయోస్‌లోకి వెళ్లి దాన్ని మళ్లీ ఆన్ చేయాలి.

ఇప్పుడు టాస్క్ మేనేజర్‌లో రెండు జీపీయూలు కనిపిస్తున్నాయి, జీలకర్ర బెల్లం ఆగకుండా నడుస్తోంది. రెండో ఎస్‌ఎస్‌డీకి బోర్డు మీద చోటు లేదు కాబట్టి ఫుటేజీ అంతా బయటి డ్రైవు మీద ఉంది. మాఘమాసపు ముహూర్తాలు మొదలయ్యేలోపు ఆ బోర్డు మార్చాలి.