బందీపూర్ గేటు దగ్గర రాత్రి మమ్మల్ని నిలబెట్టిన ట్రావెల్స్ అన్న: ఊటీ ప్యాకేజీ బుక్ చేసేవాళ్ళు ఇది చదివి చేయండి

బెంగళూరులో మారతహళ్లి, మున్నేకొళాల వైపు ఉండే తెలుగువాళ్ళకి ఆయన పేరు చెప్పక్కర్లేదు. లాంగ్ వీకెండ్ వస్తోందంటే చాలు, ప్రతి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనూ పోస్టర్ పడిపోతుంది. "మైసూరు, బందీపూర్, ఊటీ. ఫ్యామిలీ స్పెషల్. మన తెలుగు డ్రైవర్. టెన్షన్ ఫ్రీ." పక్కన వరసగా ఏనుగు బొమ్మలు. పేరు రాస్తే లాయర్ నోటీసు పంపిస్తానంటాడట. అందుకే రాయడం లేదు. తెలిసినవాళ్ళకి ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది.

రాత్రే తిరిగొచ్చాం. బ్యాగులింకా హాల్లోనే ఉన్నాయి. బట్టలు తర్వాత ఉతుక్కోవచ్చు, ఇది మాత్రం ఒళ్ళు మండుతున్నప్పుడే రాయాలి. వారం ఆగితే "పోనీలే, ఏం చేస్తాం" అనేస్తానని నాకు తెలుసు.

ఒంగోలు నుంచి అమ్మానాన్న వచ్చారు. అక్కావాళ్ళూ పిల్లలూ కలిశారు. పన్నెండు సీట్ల టీటీ (టెంపో ట్రావెలర్ వ్యాను), బందీపూర్ అడవి అవతల మసినగుడిలో రూములు, అన్నీ ఆయనే చూసుకుంటానన్నాడు. రేటు మిగతావాళ్ళ కంటే కాస్త తక్కువే చెప్పాడు. సగం డబ్బు యూపీఐలో ముందే కొట్టేశాం. రసీదు అడిగితే "మనోళ్ళ మధ్య రసీదులేంటక్కా" అన్నాడు. ఆ మాటకి పొంగిపోయిన నా తెలివికి ఓ దండం.

పొద్దున ఆరింటికని చెప్పిన బండి ఎనిమిదిన్నరకి వచ్చింది. సరే, బెంగళూరు ట్రాఫిక్ అనుకుని ఊరుకున్నాం. మద్దూరు దగ్గర నాన్న బాత్రూమ్‌కి ఆపమన్నారు. ఆయనకి షుగర్. ఓ పది నిమిషాలు ఆగింది. ఆ పది నిమిషాల్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

మైసూరులో ప్యాలెస్ చూసి బయటికి రాగానే డ్రైవర్ "సిల్క్ ఫ్యాక్టరీ సార్, గవర్నమెంటు రేటు, ఐదు నిమిషాలు" అన్నాడు. మైసూరులో అసలు ప్రభుత్వ పట్టు ఫ్యాక్టరీ మానందవాడి రోడ్డులో ఉంది, మహారాజుల కాలంలో 1912లో పెట్టింది. ఇతను తీసుకెళ్ళింది ఏదో సందులో మూడంతస్తుల కొట్టు. లోపలికి అడుగు పెడుతుండగానే కౌంటర్ కుర్రాడు బయటికొచ్చి మా బండి నంబరు నోటుబుక్కులో రాసుకున్నాడు. డ్రైవర్ క్యాషియర్ పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, వాళ్ళిచ్చిన టీ తాగుతూ ఫోన్ చూసుకున్నాడు. ఏసీ వేశారు, బాదంపాలు ఇచ్చారు, చీరలు మా ముందు గుట్టలు పోశారు. గంట దాటినా బండి తాళం కనపడదు, డ్రైవరూ కనపడడు. అక్కడి నుంచి చందనం, అగరబత్తీల కొట్టు. అక్కడా అదే నోటుబుక్కు, అదే స్టూలు.

మైసూరు వదిలేసరికే చీకటి పడింది. అప్పుడే మా బావగారు అడిగారు: "బందీపూర్ గేటు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు కదా, అందుకుంటామా?" డ్రైవర్ నవ్వాడు. "మన అన్నకి గేటు దగ్గర మనుషులు తెలుసు సార్. మనల్ని ఆపరు." ఆ ధీమాతోనే నంజనగూడు దాటాక టిఫిన్‌కి ఆపి దోసెలు తిన్నాడు. ఆ దోసెల డబ్బులు కూడా మేమే ఇచ్చామని వేరే చెప్పాలా?

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా. బందీపూర్ అడవిలోంచి పోయే రెండు హైవేల మీదా, అంటే గుండ్లుపేట నుంచి ఊటీ వైపు వెళ్ళేదీ, సుల్తాన్ బత్తేరి మీదుగా కేరళ వెళ్ళేదీ, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లు పోనివ్వరు. 2009 నుంచీ ఉన్న రూలు ఇది. రాత్రిళ్ళు బండ్ల కింద పడి జంతువులు చచ్చిపోతున్నాయనే పెట్టారు. కేరళ రోడ్డు గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా రూలు మారలేదు. ఆంబులెన్సులూ, లెక్కపెట్టి వదిలే కొన్ని ప్రభుత్వ బస్సులూ తప్ప ఎవరికీ మినహాయింపు లేదు. ట్రావెల్స్ అన్నలకి అసలే లేదు. ఈ దారిలో వారం వారం బండ్లు తిప్పే మనిషికి ఇది తెలియదంటే నా చెవిలో పువ్వు పెడుతున్నట్టే.

మేలుకామనహళ్లి చెక్‌పోస్టు చేరేసరికి తొమ్మిది దాటింది. గేటు దించేశారు. ముందు లారీలు ఇంజన్లు ఆపేసి వరసగా నిలబడి ఉన్నాయి. బావగారు దిగి వెళ్ళి అడిగారు. గార్డు విసుక్కోలేదు, కోప్పడలేదు. "బెళిగ్గె ఆరు గంటెగె బన్ని సార్" (పొద్దున ఆరింటికి రండి) అని టార్చ్ గుండ్లుపేట వైపు చూపించాడు. అంతలోనే ఓ సర్కారు బస్సు వచ్చింది. గేటు లేచింది, బస్సు వెళ్ళింది, మళ్ళీ పడింది. గేటు దగ్గర మనుషులు తెలిసిన మా డ్రైవర్ మాత్రం సీటు దిగలేదు.

గేటు మూయడం తప్పని నేననను. ఆ గార్డు మమ్మల్ని వదిలేసి ఉంటే ఆయన్నీ తిట్టాల్సి వచ్చేది. నా కోపమంతా ఆ తర్వాత ట్రావెల్స్ అన్నకి చేసిన ఫోన్ గురించి.

సిగ్నల్ సరిగ్గా లేదని స్పీకర్‌లో పెట్టాను. "ఏంటిది, గేటు మూసేశారు, రాత్రికి ఎక్కడ ఉండాలి?" అన్నాను. అవతల ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"డ్రైవర్ ఇప్పుడే చెప్పాడు మేడం. మీ నాన్నగారు దారంతా బాత్రూమ్ బాత్రూమ్ అని ఆపించారంట కదా. ముసలోళ్ళని వేసుకొచ్చేటప్పుడు టైం మీరే చూసుకోవాలి. గేటు నేను మూశానా?"

బండిలో అందరూ విన్నారు. పిల్లలు కూడా. నాన్న ముందు సీట్లో ఉన్నారు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. జీవితంలో ఒకరి చేత ఆలస్యం అని మాట పడిన మనిషి కాదు. నాకు నోరు పెగల్లేదు. చీరల కొట్టు సంగతి, పొద్దున రెండున్నర గంటల లేటు సంగతి, దోసెల సంగతి అన్నీ గొంతులోనే ఉండిపోయాయి. నేను నోరు తెరిచేలోపే నాన్న వెనక్కి తిరిగి "నిజమేలేమ్మా, ఆపమంది నేనే కదా, వదిలేయ్" అన్నారు.

ఫోన్‌లో ఆయన "చూశారా, ఆయనే ఒప్పుకుంటున్నారు" అన్నాడు!

రాస్తుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి. డబ్బు పోతే పోయింది. ఇంటి పెద్దాయన షుగర్ జబ్బుని అడ్డం పెట్టుకుని తప్పించుకున్న మనిషిని ఏమనాలి? మర్నాడు పొద్దున ఆరింటికి గేటు తీశారు. మంచులో రోడ్డు పక్కనే జింకల గుంపులు, ఓ అడవిదున్న. పిల్లలు కేకలు పెడుతున్నారు. అడవి ఎంత బాగుందో నేనూ ఒప్పుకుంటాను. నాన్న మాత్రం తెప్పకాడు ఏనుగుల క్యాంపు దాకా చుక్క నీళ్ళు తాగలేదు. అమ్మ నింపిచ్చిన స్టీలు బాటిల్ నింపింది నింపినట్టే ఉంది. అడిగితే "దాహం వేయలేదు" అన్నారు. ఆ ట్రిప్పంతా ఆయన ఎక్కడా బండి ఆపమని నోరు తెరిచి అడగలేదు. నేనే నాకు పనుందని ప్రతి పెట్రోల్ బంకు దగ్గరా ఆపించాను.

మిగతాది టూకీగా. ఆ రాత్రి గుండ్లుపేట లాడ్జిలో మా డబ్బులతో ఉన్నాం. ఆ రాత్రి మసినగుడి రూములకి "మీరు రాలేదు కాబట్టి రీఫండ్ లేదు" అన్నాడు. "జంగిల్ వ్యూ" అన్న రూము కిటికీ తీస్తే పక్కింటి వాటర్ ట్యాంకు కనిపించింది. ప్యాకేజీలో గొప్పగా రాసిన, మసినగుడి నుంచి ఊటీకి ఎక్కే 36 హెయిర్‌పిన్ మలుపుల కల్లట్టి ఘాటు మీదుగా వెళ్ళనే లేదు, గూడలూరు మీదుగా చుట్టూ తిప్పి తీసుకెళ్ళాడు. అసలు ఊటీ నుంచి ఆ ఘాటు దిగడానికి బయటి ఊళ్ళ బండ్లని వదలరు. కానీ కొటేషన్‌లో కిలోమీటర్లు రానూపోనూ ఆ దగ్గర దారి లెక్కనే వేసి, తక్కువ రేటని చూపించాడు. ఆఖర్న తేడా అంతా ఎక్స్‌ట్రా కిలోమీటర్లు! ఆ తక్కువ రేటు గుట్టు ఇదన్నమాట. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది.

ఇంకోటి వినండి. ఊటీ ఉన్న నీలగిరి జిల్లాలోకి వెళ్ళే టూరిస్టు బండ్లకి ఈ-పాస్ కావాలి, మద్రాసు హైకోర్టు చెప్పిన మీదట 2024 మే 7 నుంచి పెట్టారు. పైసా ఖర్చు లేదు, ఆన్‌లైన్‌లో ఎవరికి వాళ్ళు తీసుకోవచ్చు. "అన్నీ నేను చూసుకుంటా" అన్న మహానుభావుడు అది తీయలేదు. తమిళనాడు చెక్‌పోస్టు దగ్గర, ఉందో లేదో తెలియని సిగ్నల్‌లో, మావారు ఫోన్‌లో కుస్తీ పట్టి తీశారు. ఫైనల్ బిల్లులో చూస్తే "ఈ-పాస్ ఛార్జీలు 500". దాని కింద "గుండ్లుపేట నైట్ హాల్ట్", "డ్రైవర్ నైట్ బత్తా", గేటు నుంచి గుండ్లుపేటకి వెనక్కి వచ్చిన కిలోమీటర్లు. అంటే ఆయన చేసిన ఆలస్యానికి మేమే కూలి ఇచ్చామన్నమాట.

ఇవ్వనని గట్టిగా చెప్పాను. రాత్రి పదకొండింటికి మా అపార్ట్‌మెంట్ గేటు ముందు బండి ఆపి, డ్రైవర్ టాప్ మీద లగేజీ తాళ్ళు విప్పకుండా చేతులు కట్టుకు నిలబడ్డాడు. "అన్న డబ్బులు పడితేనే దించమన్నాడు." అమ్మ మందుల సంచి కూడా పైనే ఉంది. వాచ్‌మన్ చూస్తున్నాడు, పై ఫ్లోర్లో లైట్లు వెలుగుతున్నాయి. నాన్న నా చెయ్యి పట్టుకుని "ఇచ్చేయమ్మా" అన్నారు. ఇచ్చేశాను. డబ్బు పడిన మెసేజ్ వాళ్ళ ఫోన్‌లో మోగాకే మొదటి ముడి విప్పాడు.

పొద్దున వాట్సాప్ గ్రూపులో ఇదంతా రాశాను. అరగంటలో నన్ను గ్రూపులోంచి తీసేశారు. గ్రూపు అడ్మిన్ ఆయన బామ్మర్ది అని ఇప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ అక్కడ కనిపించిన "సూపర్ సర్వీస్ అన్నా" మెసేజ్‌లు ఎవరివో మీరే ఊహించుకోండి.

ఆయనే కానక్కర్లేదు, ఎవరి దగ్గర బుక్ చేసినా సరే. ఏ దారిన వెళ్తారో, ఎన్ని కిలోమీటర్లో, ఎక్స్‌ట్రా ఎంతో, బత్తా ఎంతో అడ్వాన్స్ ఇవ్వకముందే రాతలో తీసుకోండి. మైసూరు ఎన్నింటికి వదలాలో మీరే డ్రైవర్‌కి చెప్పండి, షాపుల దగ్గర దిగకండి. ఈ-పాస్ మీరే తీసుకోండి. పెద్దవాళ్ళ మందులు చేతి సంచిలో ఉంచుకోండి, టాప్ మీదకి ఎక్కించకండి.

కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లెయింట్ రాయించాను. వాళ్ళతో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. మనం ఉండే చోటే వేయొచ్చు, ఐదు లక్షల లోపు ఫీజు కూడా లేదు. బిల్లు ఫొటో, యూపీఐ స్క్రీన్‌షాట్లు, పోస్టర్ అన్నీ జాగ్రత్తగా పెట్టాను. ఇదే మనిషి చేతిలో డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, మీ బిల్లులు పారేయకుండా నాకు మెసేజ్ పెట్టండి. శనివారం లోపు పంపితే అన్నీ కలిపి ఒకేసారి ఇస్తాను.