కలం కలంకారీ అని చెప్పి స్క్రీన్ ప్రింట్ పంపారు, జాగ్రత్త

11,800 రూపాయలు. ఇక రావని నిన్న సాయంత్రం తేలిపోయింది. ఏ ఇన్‌స్టా పేజీయో మీలో చాలామందికి ఇట్టే తెలిసిపోతుంది. రాత్రి తొమ్మిదింటికి లైవ్ పెట్టి, "సింగిల్ పీస్ మేడమ్, మళ్ళీ రాదు" అంటాడే, అతనే. పేరు రాయడం లేదు.

అమ్మకి 60 నిండుతున్నాయని శ్రీకాళహస్తి కలం పని, అంటే కలంతో చేత్తో గీసే కలంకారీ, పట్టుచీర కొన్నాను. గుడ్డకి పాలు, కరక్కాయ పట్టించారట, నలుపుకి కసిమి అనే ఇనుప నీళ్ళు, ఎరుపుకి మంజిష్ఠ వేరు, స్వర్ణముఖి ఏట్లో ఉతికారట. ఒకాయన నేల మీద కూర్చుని, వెదురు కలానికి చుట్టిన గుడ్డని వేళ్ళతో నొక్కుతూ నెమలి మెడ గీస్తున్న వీడియో పెట్టాడు. ఆ వీడియో చూసే డబ్బు పంపాను.

అమ్మ పుట్టిల్లు పెడన. చెక్క అచ్చులతో గుడ్డ మీద కలంకారీ అద్దే ఇళ్ళ మధ్య పెరిగిన మనిషి. పెట్టె తెరవగానే చీర ముక్కు దగ్గర పెట్టుకుంది. తరవాత తిరగేసింది. వెనకంతా పాలిపోయి ఉంది, రంగు అవతలికి దిగనే లేదు. కొంగులో ఆరు నెమళ్ళు. ఆరింటికీ మెడ మీద ఒకేచోట గీత తెగింది. చేత్తో వేస్తే ఒకే తప్పు ఆరుసార్లు అక్కడే ఎలా పడుతుంది? అమ్మ ఏమీ అడగలేదు. "బాగుందే, కట్టుకుంటాలే" అని మడత పెట్టేసింది. అప్పుడే నాకు ప్రాణం చచ్చిపోయింది.

అయినా మనసొప్పక, లోపలికి దోపుకునే చెంగు మీద నిమ్మరసం చుక్క వేశాను. కసిమి అంటే తుప్పు పట్టిన ఇనుము, బెల్లం వేసి ఊరబెట్టిన నీళ్ళు. కరక్కాయ పట్టిన గుడ్డకి తగిలితేనే అది నల్లబడుతుంది, పులుపు పడితే ఆ నలుపు పలచబడాలి. పావుగంట చూశాను. ఏమాత్రం మారలేదు.

ఫోన్ చేశాను. మర్యాదగానే అడిగాను. అతనన్న మాట ఇదీ: "మేడమ్, మీరిచ్చిన డబ్బుకి మనిషి కూర్చుని పట్టుమీద కలంతో గీస్తాడా? కొనేముందు ఆలోచించుకోవాలి."

మరి వీడియోలో గీసిందేమిటి అన్నాను.

"అది కలంకారీ ఎలా చేస్తారో చూపించడానికి. మీ చీర అని నేనన్నానా?"

పెట్టేశాడు. మళ్ళీ చేస్తే బ్లాక్.

నిజమే, ఆ మాట అతను అనలేదు. నేనే అనుకున్నాను, నేను అనుకునేలా అతను చూపించాడు. స్క్రీన్ ప్రింట్ అని చెప్పి దాని ధరకి అమ్మితే తప్పేముంది? ఒక్క చీర కోసం వారాల తరబడి నడుం వంచి కూర్చునే వాళ్ళున్నారు. ఎవరో పెద్దాయన చేతులు చూపించి ప్రింట్ గుడ్డ అమ్మడం, అదీ నా కడుపు మండుతున్నది. ఆయనకి ఈ సంగతి తెలుసో లేదో కూడా.

నా తప్పూ ఉంది. అదే డిజైన్ ఇంకో రంగులో ఉందని అన్నప్పుడే ఆగాల్సింది. సింగిల్ పీస్ ఇంకో రంగులో ఎలా ఉంటుంది?

కొనేవాళ్ళు వెనకవైపు ఫోటో అడగండి. ఒకే బొమ్మ రెండు చోట్ల ఉంటే రెండింటినీ దగ్గరగా చూపించమనండి. చేత్తో వేసింది అని బిల్లు మీద రాయించుకోండి. రేపు పొద్దున్నే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తున్నాను. అతని దగ్గర కొన్నవాళ్ళెవరైనా ఉంటే, ఆ లైవ్ వీడియో తీసేయకముందే దాచిపెట్టుకోండి.